మొదటి కాంపౌండ్ విల్లు: బార కొలత నుంచి 50 మీటర్ల దాకా

వారానికి ఒక్కరైనా ఫోన్ పట్టుకుని మా ఇంటికి వస్తారు. తెర మీద ఆకుపచ్చ మచ్చల రంగులో నిగనిగలాడే, రెండు కొసలా చక్రాలున్న కాంపౌండ్ విల్లు, దాని కింద పెద్ద అక్షరాలతో స్పీడు 340. "కాకా, కొత్త మోడల్ వచ్చింది. తీసుకోమంటవా?" అని అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: "నీ బార ఎంత?"

చాలామంది దగ్గర జవాబు ఉండదు. ధర, కంపెనీ, రంగు అన్నీ చూసి ఉంటారు. రెండు చేతులూ చాస్తే తమ బార ఎంత వస్తుందో మాత్రం చూసి ఉండరు. చెక్క విల్లును ఎవరికి చేతనైనంత వాళ్లు లాగి వదలొచ్చు. కాంపౌండ్‌లో తాడు ఒక చోటికి వచ్చి ఆగిపోతుంది. మేం దాన్ని గోడ అంటాం. ఆ గోడ మీ చేతుల పొడవుకు సరిగ్గా కుదరాలి. చెప్పుల సైజు లాంటిదే ఇది. సైజు తప్పితే ఎంత ఖరీదు పెట్టి కొన్నా కరుస్తూనే ఉంటుంది.

మాది సిరొంచ. గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. అవతలి ఒడ్డున కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. విల్లు ఇక్కడ కొత్తేమీ కాదు. భామరాగడ్ వైపు మాడియా గోండుల ఇళ్లలో వెదురు బద్దనే అల్లెతాడుగా కట్టిన విల్లులు నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. కాంపౌండ్ మీద మోజు మాత్రం 2023 తర్వాతే పెరిగింది. ఆ ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విభాగంలోని ఐదు స్వర్ణాలూ మన దేశానికే వచ్చాయి. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖకు మూడు, మన నాగపూర్ అబ్బాయి ఓజస్ దేవతళేకు మూడు. ఇద్దరూ కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో నిలబడ్డప్పుడు, ఇటు తెలుగు అటు మహారాష్ట్ర రెండూ మావే అనుకునే మా ఊరి వాళ్లకు కలిగిన సంతోషం వేరేగా చెప్పాలా! 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్‌ను మొదటిసారి చేరుస్తున్నారు. పిల్లలు ఆశపడడంలో తప్పేమీ లేదు. అప్పు చేసి తప్పుడు విల్లు కొనకూడదని, దాని వల్ల ఎవరికీ దెబ్బ తగలకూడదని నా తాపత్రయం. అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా: ఎందుకు కొంటున్నారు?

ఇది తేల్చుకోకుండా ముందుకు వెళ్లకండి. ఇంటర్నెట్‌లో కనిపించే కొత్త కాంపౌండ్లలో ఎక్కువ భాగం అమెరికాలో జింకల వేట కోసం తయారైనవి. అక్కడ లైసెన్సు తీసుకుని, సీజన్‌లో వేటాడతారు. మన దగ్గర అది నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధం అనే మాటకు ఇచ్చిన అర్థంలోనే విల్లూ బాణాలూ ఉన్నాయి. మొదటి షెడ్యూలు (ఎక్కువ రక్షణ ఉన్న జాబితా) జంతువును చంపినా, అభయారణ్యంలో వేటాడినా మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల దాకా జైలు. పంటలో పడే అడవి పందులను కొట్టుకుందామని విల్లు అడిగే రైతులు ఉన్నారు. మిరప తోటను రాత్రికి రాత్రే దున్నేసి పోతే ఎంత కడుపు మండుతుందో నాకు తెలుసు. అయినా విల్లు దానికి దారి కాదు. అటవీ శాఖకు నష్టపరిహారం కోసం దరఖాస్తు పెట్టండి, పంచనామా చేయించండి.

కాబట్టి మనం కొనేది గురి ఆట కోసమే. ఇలా తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. వేట విల్లును చెట్టు మీద మంచెలో, పొదల మధ్య ఇరుకులో తిప్పుకోవడానికి వీలుగా పొట్టిగా చేస్తారు. పై చక్రం ఇరుసు నుంచి కింది చక్రం ఇరుసు దాకా 28 నుంచి 33 అంగుళాలు ఉంటుంది. ఆటకు వాడేది 36 నుంచి 40 అంగుళాలు. పొట్టి విల్లును లాగినప్పుడు తాడు ముక్కు దగ్గర మరీ సన్నని కోణంలో మడతపడుతుంది, చేతి వణుకంతా బాణంలోకి పోతుంది. పొడుగు విల్లు నిలకడగా ఉండి మీ చిన్న తప్పును సహిస్తుంది. కొత్తగా నేర్చుకునే వాళ్లకు కావలసింది ఆ సహనమే.

బార కొలవండి

గోడకు వీపు ఆనించి నిలబడండి. చెప్పులు విప్పండి, భుజాలు వదులుగా పెట్టండి. రెండు చేతులూ భుజాల ఎత్తులో పక్కలకు చాచండి. ఒళ్లు విరుచుకున్నట్టు సాగదీయకండి, మామూలుగా చాస్తే చాలు. ఇంట్లో వాళ్లను ఒక మధ్య వేలి కొసన, తర్వాత రెండో మధ్య వేలి కొసన సుద్దముక్కతో గీత పెట్టమనండి. పక్కకు జరిగి, ఆ రెండు గీతల మధ్య దూరాన్ని దర్జీ టేపుతో కొలవండి. మూడుసార్లు కొలిచి మధ్యస్థంగా వచ్చింది తీసుకోండి.

అంగుళాల్లో కొలిస్తే 2.5తో భాగించండి. సెంటీమీటర్లలో అయితే 6.35తో. 165 సెంటీమీటర్ల బార ఉంటే 26 అంగుళాలు వస్తుంది. అదే మీ డ్రా లెంగ్త్, అంటే విల్లు మీ చేతిలో ఎంత దూరం తెరుచుకోవాలి అనే లెక్క. ఇది మొదటి అంచనా మాత్రమే. విల్లు చేతికి వచ్చాక అర అంగుళం అటూ ఇటూ సర్దుకోవలసి రావచ్చు.

సర్దుకోవాలో వద్దో మీ ఒళ్లే చెబుతుంది. పూర్తిగా లాగి నిలబడ్డప్పుడు పక్క నుంచి ఫొటో తీయించుకోండి. తల వెనక్కి వాలిందంటే, నడుము వెనక్కి వంగిందంటే, కుడి మోచేయి బాణం గీతను దాటి వీపు వెనక్కి పోయిందంటే డ్రా లెంగ్త్ ఎక్కువైంది. తాడు ముంజేతిని చరచడానికి కూడా చాలాసార్లు కారణం ఇదే. మోచేయి బయటికి పొడుచుకుని, ఎడమ చేయి వంగి, అంతా కుంచించుకున్నట్టు ఉంటే తక్కువైంది. నేను చూసినంతలో పదిమందిలో ఎనిమిది మంది ఎక్కువ పొడవుకే పెట్టుకుంటారు, ఎందుకంటే పొడవు పెరిగితే స్పీడు పెరుగుతుంది. ఆ స్పీడు కోసం భుజాన్ని పాడు చేసుకోవద్దు. నా మొదటి విల్లును అమ్మినతను నా కొలత అడగకుండానే 29 అంగుళాలకు బిగించి పంపాడు. నాకు కావలసింది 27. ఏడాదంతా తల వెనక్కి వంచి వేశాను. ఆ అలవాటు మానడానికి రెండేళ్లు పట్టింది.

కన్ను, చేయి, బరువు

రెండు చేతులతో చిన్న త్రికోణంలా సందు చేసి, దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని అందులోంచి రెండు కళ్లతో చూడండి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. స్తంభం సందులోనే ఉంటే మీది కుడి కన్ను గురి. మాయమైతే ఎడమ కన్ను. కుడి కన్ను వాళ్లు కుడి చేత్తో తాడు లాగే విల్లు తీసుకోవాలి. కన్ను ఒకటి, చేతివాటం ఇంకొకటి అయితే నేను కన్ను వైపే వెళ్లమంటాను. చిన్నపిల్లలకైతే చేయి త్వరగా అలవాటు పడుతుంది.

ఇక బరువు, అంటే తాడు లాగడానికి పెట్టవలసిన బలం. కాంపౌండ్‌లో రెండు కొసలనా ఉండే చక్రాలను కామ్‌లు అంటారు. ఇవి గుండ్రంగా ఉండవు, ఇరుసు మధ్యలో ఉండదు. అందువల్ల లాగుతుంటే బరువు ఒక శిఖరం దాకా పెరిగి, ఒక్కసారిగా పడిపోతుంది. అమెరికాలోని మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్ ఈ ఆలోచనకు 1969లో పేటెంటు పొందాడు. పడిపోయే శాతాన్ని లెట్ ఆఫ్ అంటారు. 50 పౌండ్ల విల్లుకు 80 శాతం లెట్ ఆఫ్ ఉంటే, గోడ దగ్గర మీరు పట్టి ఉంచేది 10 పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోలు. అందుకే ఈ విల్లుతో నింపాదిగా గురి చూడొచ్చు. కానీ శిఖరం దాటించేటప్పుడు మోయవలసిన 50 పౌండ్లు, అంటే ఇరవై రెండు కిలోల పైచిలుకు, మాత్రం మీవే.

సరిపడే బరువు ఏదో తెలుసుకోవాలంటే కొట్టులోగానీ తెలిసినవాళ్ల విల్లుతోగానీ ఇలా చూడండి. కుర్చీలో కూర్చుని రెండు కాళ్లూ నేల నుంచి కొద్దిగా ఎత్తండి. విల్లును ఎదుట టార్గెట్ వైపే ఉంచి, బాణం పెట్టి, ఆకాశం వైపు ఎత్తకుండా మెల్లగా లాగండి. లాగలేకపోతే ఆ బరువు మీది కాదు. పదేళ్లు దాటిన పిల్లలకు 20 నుంచి 30, ఎదిగిన ఆడవాళ్లకు 30 నుంచి 40, ఎదిగిన మగవాళ్లకు 40 నుంచి 50 పౌండ్ల దగ్గర మొదలుపెట్టిస్తాను. పోటీల్లో కాంపౌండ్‌కు 60 పౌండ్లు దాటనివ్వరు. "నేను 70 లాగుతా" అని చెప్పే కుర్రాళ్లకు మైదానంలో ఆ 70తో పని లేదు.

ఏ విల్లు కొనాలి?

ఇక్కడ చెప్పేది క్లుప్తమే. పేరున్న అమెరికా కంపెనీలు హోయిట్, మాథ్యూస్, పీఎస్ఈల పెద్ద మోడళ్లు ఒట్టి విల్లే మన దగ్గర లక్ష దాటుతుంది. గురి చూసే సైటు, బాణం ఆనే రెస్టు, విల్లును నిలకడగా ఉంచే కడ్డీ స్టెబిలైజర్, తాడు వదిలే రిలీజ్ అన్నీ వేరే. చైనా నుంచి వచ్చే టోపాయింట్, సాన్లిడా లాంటివి అందులో చిన్న భాగానికే, చాలావరకు సామానుతో సహా దొరుకుతాయి. మొదటి రెండేళ్లకు అవి చాలు. మొహమాటపడవలసిన పని లేదు. ఎదిగే పిల్లలకైతే డ్రా లెంగ్త్, బరువు రెండూ విస్తారంగా మార్చుకోగలిగే మోడల్ చూడండి. ఏటా బార పెరుగుతుంటే ఏటా విల్లు కొనలేరు కదా.

ఆ 340 స్పీడు సంగతి కూడా చెప్పాలి. అది సెకనుకు అడుగుల లెక్క. 70 పౌండ్ల బరువు, 30 అంగుళాల డ్రా, 350 గ్రెయిన్ల (బాణం తూకానికి వాడే చిన్న కొలత) బాణం పెట్టి కొలిచిన అంకె. మీది 26 అంగుళాలు, 45 పౌండ్లు అయితే, ఒక్కో అంగుళానికి సుమారు 10, ఒక్కో పౌండుకు సుమారు 2 తగ్గించుకోండి. 250 చుట్టుపక్కలకు వస్తుంది. అది 50 మీటర్లకు పుష్కలం.

డబ్బు తక్కువైతే విల్లులో తగ్గించుకోండి, రిలీజ్‌లో, బాణాల్లో తగ్గించుకోకండి. రిలీజ్ అంటే తాడును వేళ్లకు బదులుగా పట్టి వదిలే చిన్న పరికరం. మొదట్లో మణికట్టుకు కట్టుకునేది మేలు, చేతిలోంచి జారిపోదు. రెస్టులలో బాణం వెళ్లగానే కిందికి పడిపోయేవి వేటగాళ్లకు ఇష్టం. ఆటకు సన్నని ఉక్కు రేకు మీద బాణం ఆనే రకం సులువు, చెడిపోయే భాగాలు తక్కువ. కాంపౌండ్ పోటీల్లో సైటుకు భూతద్దం పెట్టుకోవచ్చు, నీటిమట్టపు బుడగ కూడా ఉండొచ్చు. మొదటి ఏడాది భూతద్దం వద్దు. చేతి వణుకును పెద్దది చేసి చూపించి, లేని టెన్షన్ తెస్తుంది.

బాణాలు

బాణం వదలగానే వంగుతుంది. ఎంత వంగుతుందో చెప్పే అంకెను స్పైన్ అంటారు. 500 స్పైన్ అంటే 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద బాణాన్ని పెట్టి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే అర అంగుళం వంగిందని అర్థం. అంకె తగ్గేకొద్దీ బాణం గట్టిది. మీ డ్రా లెంగ్త్, పౌండ్లు చెబితే ప్రతి బాణాల కంపెనీ పట్టికలోనూ మీ స్పైన్ దొరుకుతుంది. పట్టిక చూడకుండా, స్నేహితుడికి సరిపోయాయని అవే కొనకండి.

విల్లు ప్రతి పౌండు బరువుకూ బాణం కనీసం 5 గ్రెయిన్లు తూగాలి. 50 పౌండ్లకు 250 గ్రెయిన్లు, అంటే 16.2 గ్రాములు. అంతకంటే తేలికైతే బాణం శక్తినంతా తీసుకోలేదు, మిగిలినది విల్లునే కొడుతుంది. నేను బంగారం కొట్టుకు పోయి తూయించుకుంటాను. మా సేఠ్‌కు ఇప్పుడు అది అలవాటైపోయింది. ఒక్కో బాణం మీద బరువు రాసి, పన్నెండూ ఒకే తూకంలో ఉన్నాయో లేదో చూస్తాడు.

ఇప్పుడు చెప్పేది దయచేసి ఒకటికి రెండుసార్లు చదవండి. కార్బన్ బాణానికి వెంట్రుకంత పగులు ఉన్నా, వదిలిన క్షణంలో చీలి పుల్లలు పుల్లలుగా మీ ఎడమ చేతిలోకి దిగవచ్చు. అందుకే ప్రతిసారీ, టార్గెట్ నుంచి బాణం పీకిన వెంటనే, ఇలా చూడాలి. మొన ఒక చేత్తో, నాక్ (తాడుకు తగిలించే తోక కొస) వైపు ఇంకో చేత్తో పట్టుకోండి. ముఖానికి దూరంగా పెట్టి, కొద్దిగా విల్లులా వంచండి. కొంచెం తిప్పి మళ్లీ వంచండి. అలా చుట్టూ నాలుగైదు చోట్ల. చెవి పెట్టి వినండి. ఎండు తునికాకు నలిగినట్టు చిటచిటమన్నా, వేలికి గరుకు తగిలినా, ఆ బాణాన్ని అక్కడే రెండుగా విరిచేయండి. పక్కన పెడితే ఎవరో ఒకరు తీసి వాడతారు.

పార్సిల్ వచ్చిన రోజు

మాకు చాలా పార్సిళ్లు మంచిర్యాల దాకానే వస్తాయి, చెన్నూరు మీదుగా వంతెన దాటి తెచ్చుకుంటాం. పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయండి. విల్లు బయటికి తీశాక దూది ఉండ తీసుకుని రెండు లింబ్‌ల (పైనా కిందా వంగే బద్దల) అంచుల వెంట, వెనకా ముందూ, మెల్లగా పాముతూ పోండి. దూది పోగు ఎక్కడైనా చిక్కుకుందంటే అక్కడ చీలిక ఉంది. కంటికి కనపడనిది దూదికి దొరుకుతుంది. తాళ్లలో తెగిన పోగులు, చక్రాల అంచుల మీద సొట్టలు, తాడు చక్రం గాడిలోనే ఉందా, ఇవన్నీ చూడండి. ఏ తేడా కనిపించినా లాగకండి, అమ్మినవాళ్లకు ఫొటోలు పంపండి.

అంతా బాగానే ఉన్నా, బాణం లేకుండా తాడు లాగి వదలకండి. లాగనే లాగకండి. ఒకసారి ఒక కుర్రాడి విల్లు వచ్చిందంటే మేం నలుగురం వాళ్లింటి వరండాలో గుమిగూడాం. ఇంకా రిలీజ్ కూడా బయటికి తీయలేదు. "మామా, ఊరికే ఒక్కసారి లాగి చూస్తా" అంటూనే వేళ్లతో లాగాడు. శిఖరం దాటాక బరువు పడిపోయింది కదా, చేయి సడలింది. వేళ్లు జారాయి. వరండా అంతా టపాకాయ పేలినట్టు మోగింది. తాడు పై చక్రం నుంచి ఊడింది, కింది లింబ్ నిలువునా చీలింది, ఒక ముక్క ఎగిరి గోడ సున్నం మీద గాటు పెట్టింది. పిల్లవాడి ముంజేయి మీద కమిలిన చార నెలరోజులు ఉంది. ఎవరి కంట్లోనూ పడలేదు, అదే భాగ్యం. బాణం ఉంటే విల్లులోని శక్తి బాణంతో వెళ్లిపోతుంది. లేకపోతే విల్లులోనే పేలుతుంది. గ్యారంటీలు దీనికి వర్తించవు. వాళ్ల నాన్న తునికాకు డబ్బుతో కొన్న విల్లు అది. ఆ రోజు నుంచి, విల్లు చూడడానికి ఎవరొచ్చినా చేతికిచ్చే ముందు ఈ మాట చెప్పకుండా ఇవ్వను.

అమర్చడం

ఈ పనిలో కొంత మీరు చేసుకోగలరు, కొంత చేసుకోకూడదు. తాడు మార్చడం, కామ్ సర్దడం, తాడు మధ్యలో పీప్ (గురి చూసే చిన్న రంధ్రం) దూర్చడం లాంటి పనులు బో ప్రెస్ (విల్లును నొక్కి తాళ్లు వదులు చేసే యంత్రం) ఉన్నచోటే చేయించండి. నాగపూర్‌లోనో హైదరాబాద్‌లోనో కోచ్ దగ్గరికి ఒక్కసారి వెళ్లి రావడానికి అయ్యే ఖర్చు, ఇంట్లో చేసి పాడుచేసుకునే దాంట్లో నాలుగో వంతు కూడా ఉండదు. లింబ్ బోల్టులు తిప్పి బరువు తగ్గించుకోవడం మీరు చేయొచ్చు. చాలా విల్లుల్లో ఒక పూర్తి చుట్టుకు కొన్ని పౌండ్లు తగ్గుతుంది. పైనా కిందా సమానంగా తిప్పండి. విల్లుతో వచ్చిన పుస్తకంలో రాసిన చుట్ల కంటే ఒక్కటి కూడా ఎక్కువ వదులు చేయకండి.

రెస్టు మీద బాణం పెట్టి చూస్తే, రైజర్ (విల్లు నడిమి పిడి భాగం) మీద రెస్టు బిగించే బోల్టు రంధ్రం మధ్యలోంచి బాణం వెళ్లాలి, తాడుకు లంబకోణంలో ఉండాలి. బడిపిల్లల మూలమట్టం సరిపోతుంది. పక్కకు రైజర్ నుంచి బాణం మధ్యకు సుమారు 20 మిల్లీమీటర్లు పెట్టి మొదలుపెట్టండి. పీప్ ఎత్తు చూడాలంటే కళ్లు మూసుకుని పూర్తిగా లాగి, తాడు మూతి దగ్గర ఎప్పుడూ ఆనే చోట ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. బాణం మాత్రం పెట్టే ఉండాలి, టార్గెట్ ఎదురుగానే ఉండాలి. పీప్‌లోంచి సైటు నిండుగా కనిపిస్తే సరే. మెడ వంచి వెతుక్కోవలసి వస్తే పీప్‌ను జరిపించండి.

తర్వాత కాగితం పరీక్ష. పాత కిటికీ చట్రానికి దినపత్రిక బిగించి, వెనకాల టార్గెట్ పెట్టి, రెండు మీటర్ల నుంచి కాగితంలోంచి వేయండి. మొన చేసిన గుండ్రటి రంధ్రం చుట్టూ మూడు రెక్కల చీలికలు సమంగా ఉంటే బాణం తిన్నగా పోతున్నట్టు. తోక చీలిక పైకి సాగితే రెస్టును వెంట్రుకవాసి పైకి లేపండి, కిందికి సాగితే కిందికి దించండి. చీలిక పక్కకు సాగితే వెంటనే రెస్టు ముట్టుకోకండి, ముందు మీ ఎడమ చేయి చూసుకోండి. పిడికిలి బిగించి పట్టుకుంటే విల్లు మెలిపడి ఇదే చీలిక వస్తుంది. పిడిని బొటనవేలి మొదట ఉండే కండ మీద మాత్రమే ఆనించి, వేళ్లు వదులుగా పెట్టి, ఐదు బాణాలు వేయండి. అప్పటికీ చీలిక అలాగే ఉంటే కోచ్‌కు ఫొటో పంపండి.

సైటు సర్దడానికి ఒకటే గుర్తు: బాణం ఎటు పోయిందో సైటును అటే జరపండి. బాణాలు ఎడమకు పడితే ఎడమకు, కిందికి పడితే కిందికి. ఒక్క బాణాన్ని చూసి జరపకండి, మూడు వేసి వాటి మధ్యను చూడండి.

ఎక్కడ వేయాలి?

ప్రాణహిత ఇసుకతిన్నె చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. వద్దు. స్నానాలకు, చేపలకు, పశువులకు జనం ఎటు నుంచైనా వస్తారు. కాస్త పైకెత్తి వదిలిన బాణం రెండు వందల మీటర్లు దాటిపోతుంది. ఇసుకలో, గడ్డిలో పడిన బాణం పడుకున్నట్టు దూరిపోయి కనపడదు కూడా. పశువుల కాలికి గుచ్చుకునే దాకా ఎవరికీ తెలియదు.

ఎత్తైన మట్టికట్ట వెనకాల ఉన్న చోటు చూడండి. చెరువు కట్ట లోపలి వైపు ఎండాకాలంలో బాగుంటుంది, కట్ట మీద దారి లేకపోతేనే. వరిగడ్డి మోపు కాంపౌండ్ బాణాన్ని ఆపదు, దూసుకుపోతుంది. పాత అట్టపెట్టెల ముక్కలు సన్నగా కోసి, అంచులు ఎదురుగా వచ్చేలా పేర్చి, రెండు చెక్కల మధ్య బోల్టులతో గట్టిగా బిగిస్తే ఏడాది వస్తుంది. గోనెసంచిలో పాతబట్టలు కూరి కూడా చేయొచ్చు, గుండీలు, జిప్పులు ముందు కోసేయాలి.

ఇద్దరు వేస్తున్నా ఒకే గీత. అందరూ వేసి విల్లు కింద పెట్టే దాకా ఎవరూ ముందుకు పోకూడదు. బాణాలు పీకేటప్పుడు వెనకాల ఎవరూ నిలబడకూడదు, ఒక్కసారిగా ఊడొచ్చిన నాక్ కంట్లో పొడుస్తుంది.

మొదటి నెలలు

మొదటి రెండు వారాలు ఐదు మీటర్ల నుంచి, టార్గెట్ మీద కాగితం కూడా లేకుండా వేయండి. విసుగ్గా ఉంటుంది. అయినా చేయండి. గురి లేనప్పుడే ఒళ్లు నేర్చుకుంటుంది. రిలీజ్ మీటను తుపాకీలా నొక్కకండి. వేలును మీట మీద మడిచి ఉంచి, బావిలోంచి నిండు బిందె చేదేటప్పుడు వీపు కండలు ఎలా దగ్గరికి వస్తాయో అలా వీపు పైన రెండు రెక్కల ఎముకలను దగ్గరికి లాగుతూ పోండి. ఎప్పుడు వదిలిందో మీకే తెలియకుండా వదలాలి. వదిలాక విల్లు చేయి దించకండి, బాణం తగిలిన చప్పుడు వినిపించే దాకా అలాగే ఉండండి.

తర్వాత 18 మీటర్లు, ఆ తర్వాత 30, ఆ పైన 50. ఆరుబయట కాంపౌండ్ పోటీ దూరం 50 మీటర్లే. 80 సెంటీమీటర్ల కాగితంలో పది మార్కుల పసుపు వలయం 8 సెంటీమీటర్లు, మంచినీళ్ల గ్లాసు మూతి అంత. అర్హత పోటీలో 72 బాణాలు, తర్వాత ఇద్దరి మధ్య పోటీలో మూడేసి చొప్పున 15 బాణాలు, 150 మార్కులు. 2023లో బెర్లిన్ ప్రపంచ పోటీల ఫైనల్లో ఓజస్ 150కి 150 వేశాడు. అదే పోటీల్లో సతారా అమ్మాయి అదితి స్వామి పదిహేడేళ్లకే ప్రపంచ చాంపియన్ అయింది.

రోజుకు అరవై బాణాలు చాలు. చేయి వణకడం మొదలవగానే ఆపండి, అలసటలో వేసినవి తప్పుడు అలవాట్లే నేర్పుతాయి. డబ్బు ఇంకా సమకూరకపోతే ఊరికే కూర్చోకండి. బడి పోటీల్లో ఇండియన్ రౌండ్ ఉంది, చెక్క విల్లుతో ఆడేది, ఖర్చు తక్కువ. నిలబడే తీరు, వీపుతో లాగడం అక్కడే నేర్చుకున్న పిల్లలు కాంపౌండ్‌కు వచ్చాక తొందరగా ఎదగడం నేను చూశాను.

ఎండ, వాన, ప్రయాణం

మా దగ్గర మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. మూసిన కారులో, రేకుల షెడ్డులో విల్లు వదిలేస్తే లింబ్‌ల పొరలు విడిపోవచ్చు, తాళ్లు సాగి కొలతలన్నీ మారిపోతాయి. ఇంట్లో నేల మీద, నీడలో, పెట్టెలో ఉంచండి. కొత్త తాడు మొదటి కొన్ని వందల బాణాలకు కొంచెం సాగుతుంది. అందుకే చక్రాల మీద తాడు ఆనే చోట సన్నని మార్కర్ గీత పెట్టుకోండి. గీత జరిగిందంటే రెండు చక్రాలూ ఒకేసారి తిరగడం తప్పింది, ప్రెస్ ఉన్నచోటికి తీసుకెళ్లాలి. రెండు వారాలకోసారి తాడుకు మైనం రాసి, వేళ్లతో వేడి పుట్టేదాకా రుద్దండి. చుట్టు దారం ఉన్న చోట మాత్రం రాయకండి. వానలో తడిస్తే పొడిబట్టతో తుడిచి, పెట్టె మూత తెరిచి ఆరనివ్వండి. పోగులు లేచినా లేవకపోయినా, రోజూ వేసేవాళ్లు రెండేళ్లకు తాళ్లు మార్చాలి.

ప్రయాణంలో విల్లు తాళం వేసిన పెట్టెలో, బాణాలు వేరే గొట్టంలో ఉంచండి. ఆల్లాపల్లి దారిలో చెక్‌పోస్టులు ఎక్కువ. కొన్న బిల్లు, క్రీడా సంఘం గుర్తింపు కార్డు, పోటీకి వెళ్తుంటే ఆ పిలుపు కాగితం పెట్టెలోనే పెట్టుకోండి. అడగకముందే చూపించండి, పెట్టెను వాళ్లు తెరవమంటేనే తెరవండి. చాప్రాళ, భామరాగడ్ లాంటి అభయారణ్యాల్లోకి అనుమతి పత్రం లేకుండా ఆయుధంతో వెళ్లడమే నేరం, బాణం వేయకపోయినా సరే. అలాంటి దారి తగిలేలా ఉంటే విల్లు ఇంట్లో పెట్టి వెళ్లండి, లేదా చుట్టు తిరిగి పోండి.

పిల్లల పేరు పోటీలకు ఇవ్వడానికి జిల్లా క్రీడా అధికారి కార్యాలయంలో అడగండి. పుట్టిన తేదీ పత్రం, ఆధార్, బడి ధ్రువపత్రం ముందే జిరాక్స్ తీయించి ఉంచుకోండి. ఇంట్లో తెలుగే మాట్లాడే మన పిల్లల పేర్లు మరాఠీ కాగితాల మీద ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. మూడింటిలోనూ పేరు ఒకేలా రాసి ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకుని, తేడా ఉంటే సీజన్ మొదలయ్యేలోగా సరిచేయించండి.